కల్లం మీద కారు

మా మామయ్యకు, అంటే మా ఆయన నాన్నగారికి, వారానికి మూడు రోజులు నరసరావుపేటలో డయాలసిస్. గురజాల పక్కనున్న మా ఊరి నుంచి ఆయన్ని కార్లో తీసుకెళ్లేదీ, తీసుకొచ్చేదీ నేనే. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. పైగా ఆయనకు కారు నడపడం రాదు. నేర్చుకోమంటే, నాకు బైకు చాల్లే అంటారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మిషన్ మొరాయిస్తే విప్పి బాగుచేసుకోవడం కూడా నాకు మొదట్నుంచీ అలవాటే. మామయ్యకు జబ్బు చేశాక పాత పెట్రోలు కారు ఒకటి కొన్నాం. డ్రైవింగు దాని మీదే నేర్చుకున్నాను.

ఆ ఏడు మిరపకాయలు కల్లాలకు వస్తున్న రోజుల్లో మామయ్యకు దారిలో వాంతులు మొదలయ్యాయి. అంతా జబ్బు వల్లనే అనుకున్నాం. డయాలసిస్ అయ్యాక నీరసం ఎటూ ఉంటుంది. కానీ వెళ్లేటప్పుడు కూడా తల నొప్పిగా ఉందనేవారు. నాకూ నుదురు బరువెక్కేది. రాత్రి సరిగా నిద్ర లేక అనుకునేదాన్ని.

ఒక పొద్దున చలిగా ఉందని అద్దాలన్నీ ఎత్తేసి బయల్దేరాం. పిడుగురాళ్ల దాటుతుండగా నా కళ్లు మూతలు పడసాగాయి. అద్దంలోంచి వెనక్కి చూస్తే మామయ్య తల పక్కకు వాలిపోయి ఉంది. పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. అప్పుడూ పలకలేదు. సున్నపు బట్టీల దగ్గర కారు పక్కకు ఆపి, నాలుగు తలుపులూ తెరిచి, ఆయన్ని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. లారీలు పోతుంటే సున్నపు దుమ్ము మా మీద పడుతోంది. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి, కాలువ పక్కకు వంగి వాంతి చేసుకున్నారు.

"ఏడికొచ్చాం అమ్మాయ్?" అన్నారు.

ఇంజను ఆపలేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. వెనక సీటు కిందినుంచి బుసకొట్టినట్టు చప్పుడు వస్తోంది. మోకాళ్ల మీద వంగి చూశాను. సైలెన్సర్ గొట్టం అతుకు దగ్గర విరిగి వేలాడుతోంది. పొగ వెనక్కి పోకుండా అక్కడే సుడి తిరిగి కారు అడుగుకు తగులుతోంది. కొన్నాళ్లుగా బండి మోత ఎక్కువైన మాట నిజమే. పాతబడింది కదా అని ఊరుకున్నాను.

అద్దాలన్నీ దించి ఎలాగో ఆసుపత్రికి చేరాం. అక్కడి డాక్టరు విషయమంతా విని, పెట్రోలు పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఒకటి ఉంటుందని, మూసిన కారులో అది మనిషిని నిద్రపుచ్చినట్టే చంపుతుందని చెప్పారు. ఆ మాట విన్నాక మామయ్య పక్కన కూర్చుని చాలాసేపు ఆయన చేయి వదల్లేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు పిడుగురాళ్లలో మెకానిక్ దగ్గర వెల్డింగు చేయించాను. వారం తిరక్కుండా ఊడింది. మళ్లీ చేయించాను. ఈసారి అతుకు నిలిచింది గానీ దాని పక్కన గొట్టం పగిలింది.

"అక్కా, ఇది తుప్పు తిన్న రేకు. దీనికి అతుకులు ఆగవు," అన్నాడు మెకానిక్. "ఎనక సగం మొత్తం మార్చాల. సామాను గుంటూరు నించి తెప్పిస్తా. కానీ నా చేతి నిండా లారీల పని ఉంది, బండి నా కాడ నాలుగైదు రోజులు వదిలిపెట్టు."

"ఎల్లుండి మళ్లీ డయాలసిస్‌కి పేట పోవాలి తమ్ముడూ."

"ఆటోలో పో అక్కా."

ఆటోలోనూ పోయాం. తిరుగు ప్రయాణంలో మామయ్యకు బీపీ పడిపోతే, గుంతల్లో ఎగిరిపడుతూ ఆయన దారంతా నా ఒళ్లో పడుకున్నారు. అద్దాలు తెరుచుకుని కార్లోనూ పోయాం. చలిగాలికి, దుమ్ముకి ఆయనకు దగ్గు పట్టుకుంది, రెండు రోజులు మంచం దిగలేదు. ఆ రెండో రోజు సాయంత్రం మెకానిక్‌కి ఫోన్ చేసి, సామాను తెప్పించమని, బిగించుకోవడం నేను చూసుకుంటానని చెప్పాను.

అతను నవ్వలేదు. "బిగించడం కష్టం కాదక్కా, బండిని ఎత్తి నిలబెట్టడమే కష్టం," అన్నాడు. సామానుతో పాటు తన దగ్గరున్న చక్రాల జాకీ కూడా ఒక ఆదివారానికి ఇస్తానన్నాడు. లారీ సామాన్ల కొట్టులో కార్లకు సరిపడే ఇనుప స్టాండ్లు ఒక జత కొన్నాను. కారుతో పాటు వచ్చిన పుస్తకం తీసి జాకీ ఎక్కడ పెట్టాలో, స్టాండు ఎక్కడ ఆనించాలో బొమ్మలు చూశాను. ఫోన్లో వీడియోలు చూశాను. అందరూ చెప్పేది ఒకటే మాట. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ మీద నిలబడ్డ బండి కిందకి చేయి కూడా పెట్టకూడదు.

ఇంట్లో చెబితే మా ఆయన కంగారు పడ్డారు కానీ కాదనలేదు. మామయ్య మాత్రం "వద్దు," అని లోపలికి వెళ్లిపోయారు. ఎందుకు వద్దో చెప్పలేదు. ఆడది కారు కిందకి దూరడం ఆయనకు నచ్చలేదేమో అనుకున్నాను. కాస్త కోపం కూడా వచ్చింది.

ఆదివారం పొద్దున మా ఆయన డ్యూటీకి వెళ్లాక కారును వాకిట్లోకి తెచ్చాను. మా వాకిలి నాపరాళ్లు పరిచిన వాకిలి. నున్నగా, మట్టంగా ఉంటుంది. ముందు చక్రాలకు ముందూ వెనకా కర్రదుంగలు కొట్టి, గేరులో ఉంచాను. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పట్టుకుంటుంది కాబట్టి, ఆ చక్రాలు గాలిలోకి లేచాక అది ఉన్నా లేనట్టే. ఆ సంగతి పుస్తకం చూసేదాకా నాకు తోచలేదు.

జాకీ పెట్టి ఎత్తడం మొదలెట్టాను. వెనక కుడి చక్రం నేలను వదిలింది. స్టాండు అందుకోవడానికి పక్కకు తిరిగానో లేదో, కింద టప్పున చప్పుడైంది. జాకీ కింది నాపరాయి అడ్డంగా పగిలి ఒక ముక్క లోపలికి కుంగింది. ఆ రాయి కింద పందికొక్కులు తవ్విన బొరియ ఉందట, మాకెవరికీ తెలియదు. జాకీ ఒరిగింది. కారు దాని మీదినుంచి జారి, టైరు మీద పడి ఒక్క ఎగురు ఎగిరింది.

నాకేమీ కాలేదు. నేను కారుకు బారెడు దూరంలో ఉన్నాను. కానీ అక్కడే కూర్చుండిపోయాను.

మామయ్య అరుగు మీద నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో. గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చి, పగిలిన రాయిని చేతికర్రతో తాకారు.

"మా అన్న ఎట్టా పోయాడో నీకు తెలుసా?" అన్నారు.

ట్రాక్టరు కింద పడి పోయారని మాత్రం విన్నాను. ఆ మాటే చెప్పాను.

"ట్రాక్టరు కాదు, దాని ఎనక తగిలించే ట్రక్కు. ఇరుసు విరిగింది. జాకీతో ఎత్తి, కింద నాపరాళ్లు పేర్చాం. రాయి గదా, ఇనుము మాదిరి ఆగుద్దనుకున్నాం. మా అన్న కిందకి దూరాడు. నేను పక్కన కూచొని బోల్టులు అందిస్తన్నా. ఇదే చప్పుడమ్మాయ్. ఇరిగేదాకా ఇరుగుద్దని తెలీదు రాయికి. పిలిచేదానికి కూడా టైము లేదు. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలా."

అన్నేళ్లలో ఆ సంగతి నాకు గానీ మా ఆయనకు గానీ ఎవరూ చెప్పలేదు. ఆయన వద్దన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది.

"మామయ్యా," అన్నాను, "ఆయన ఏం నమ్మి మోసపోయారో మీరు చెప్పారు. నేను రాయినీ నమ్మను, జాకీనీ నమ్మను. నాకు గట్టి నేల కావాలి, అంతే."

"మానుకుంటానని మాత్రం అనవు."

"అనను. ఎల్లుండి మనం పేట పోవాలి."

ఆయన వెళ్లి అరుగు మీద కూర్చున్నారు.

మా ఊళ్లో మట్టంగా, మందంగా కాంక్రీటు పోసిన చోటు ఒక్కటే ఉంది. రోడ్డు పక్కన ఒక ఆసామి మిర్చి ఆరబెట్టుకోవడానికి వేయించుకున్న కల్లం. వరసకు నేను ఆయన్ని బాబాయ్ అనాలి. మామయ్యా ఆయనా బావా బావా అని పిలుచుకుంటూ ఒకే జెండా కింద తిరిగినవాళ్లు. పంచాయతీ ఎన్నికల్లో చెరో పక్కన నిలబడ్డాక మాటలు పోయాయి. మా ఇంటి పెళ్లికి వాళ్లు రాలేదు. వాళ్లింట్లో చావు జరిగితే మావాళ్లు పలకరించలేదు. ఎదురుపడితే ఇద్దరూ రోడ్డుకు చెరో అంచున నడుస్తారు.

నేను తిన్నగా కల్లానికే వెళ్లాను. ఆయన కాళ్లతో కాయలు తిరగేస్తున్నారు. కల్లమంతా ఎర్రగా పరిచి ఉంది. ఆ ఘాటుకు నా కళ్లు మండాయి.

"బాబాయ్, కల్లంలో ఒక మూల ఈ పూటకి నాకు కావాలి."

ఆయన తలెత్తి చూశారు. "మీ మామ పంపాడా?"

"లేదు. అడిగితే పోవద్దంటారని అడగలేదు."

"మరి ఎందుకొచ్చావు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. పొగ సంగతి, బట్టీల దగ్గర మామయ్య తల వాలిపోయిన సంగతి, పగిలిన రాయి సంగతి. ఆయన కాయలు తిరగేస్తూనే విన్నారు. రాయి మాట వచ్చినప్పుడు మాత్రం ముఖం మారింది. మామయ్య అన్నగారి చావు ఆయనకూ తెలిసే ఉంటుంది.

"ఈ పక్క కాయలు ఆరినయ్యిలే," అని పార అందుకున్నారు. నేనూ చీపురు తీసుకున్నాను. కారు పట్టేంత చోటు ఖాళీ చేశాం.

ఇంటికి వచ్చి మామయ్యకు చెప్పాను. "వాడి కల్లంలో నేను అడుగు పెట్టను," అన్నారు.

"మీరు రానక్కర్లేదు మామయ్యా. నేను చేసుకొస్తాను."

కారు తీసుకుని వెళ్లిపోయాను. దాన్ని మూలకు నిలిపి, ఇంజను చల్లారేదాకా ఆగి, దుంగలు సర్దుతుంటే చేతికర్ర చప్పుడు వినిపించింది. మామయ్య వస్తున్నారు. మధ్యలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నారు. బాబాయ్ ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కారుకు అటుపక్క వేసి, తను ఇటుపక్కకు వచ్చేశారు. మామయ్య కూర్చున్నారు.

పుస్తకంలో చూపించిన చోట జాకీ ఆనించి కుడిపక్క కొంచెం ఎత్తాను. ఇరుసు కింద స్టాండు పెట్టి, దాని పిన్ను పూర్తిగా పడిందో లేదో చేత్తో తడిమి చూసి, జాకీని మెల్లగా వదిలాను. బరువంతా స్టాండు మీదికి దిగింది. ఎడమపక్కా అలాగే చేశాను. జాకీని ఊరికే తగిలేలా ఇంకోచోట ఆనించి ఉంచాను. స్టెప్నీ టైరును తలుపు అంచు కిందకి పడుకోబెట్టి తోశాను. అన్నీ తప్పినా నాకూ కారుకూ మధ్య ఆ టైరు మందమంత సందు మిగులుతుంది.

"ఇంక దూరతా," అన్నాను.

"ఆగు," అన్నారు మామయ్య. ఆయన కుర్చీలోంచి లేచి, వెనక బంపరు పక్కన అరచేయి ఆనించి తోశారు. ఆయన బలానికి కారు ఏం కదులుతుంది? అటుపక్క బాబాయ్ వైపు చూడకుండానే "ఊరికే నిలబడకపోతే నువ్వు కూడా నెట్టొచ్చుగా," అన్నారు.

బాబాయ్ భుజం ఆనించారు.

"గట్టిగా నెట్టు."

"నెడతానే ఉన్నా గదా."

"అటు పక్క నించి కూడా."

అన్ని వైపులనుంచీ నెట్టారు. కారు స్టాండ్ల మీద కదలకుండా నిలబడింది. మామయ్య నాకేసి చూసి తల ఊపారు. ఎన్నికల తర్వాత వాళ్లిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు అవే. నేను దాన్ని గమనించినట్టు కనపడనివ్వలేదు.

గోతం పరుచుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని కిందకి దూరాను. మొదట ఊపిరి ఆడలేదు. అంత ఇనుము అంత దగ్గరగా ముఖం మీద ఉంటే ఎవరికైనా అంతేనేమో. కళ్లు మూసుకుని, అది నిలబడింది స్టాండ్ల మీద, నేనే పెట్టాను అని చెప్పుకున్నాను. తర్వాత స్పానర్ అందుకున్నాను.

తుప్పు వదలడానికి ముందురోజే బోల్టులకు నూనె కొట్టి ఉంచాను. ఒకటి తిరిగింది. ఇంకోటి తిరగలేదు. బలమంతా పెట్టి ఊపితే కారు కూడా ఊగుతుంది, అది కుదరదు. హాక్సా బ్లేడు తీసుకుని కోయడం మొదలెట్టాను. చేతులు పైకెత్తి పెట్టి కొయ్యడంలో భుజాలు పీకేశాయి. తుప్పు రజను మెడ మీద పడుతోంది. ఆగడం, చేతులు దించుకోవడం, మళ్లీ కొయ్యడం. ఈలోగా గాలి తిరిగి మిర్చి ఘాటు లోపలికి కొట్టింది. గట్టిగా తుమ్మాను.

"ఏమైందే?" "ఏమైందమ్మా?" రెండు గొంతులూ ఒకేసారి లేచాయి. చేతికర్ర కింద పడిన చప్పుడైంది. అటు చూస్తే కారు అంచున రెండు ముఖాలు పక్కపక్కనే వంగి ఉన్నాయి.

"తుమ్మాను మామయ్యా. కాయల ఘాటు."

"నీ కాయలు తగలెయ్య," అన్నారు మామయ్య, నన్ను కాదు.

బోల్టు తెగింది. సైలెన్సర్ని మోసే రబ్బర్లకు సబ్బునీళ్లు రాసి ఒక్కొక్కటే జార్చాను. పాత గొట్టం గోతం మీదికి దిగింది. దాన్ని బయటికి తోస్తే పట్టుకున్నచోటల్లా పొట్టులా రాలింది. కొత్తది అందించడానికి బాబాయ్ మోకాళ్ల మీద కూర్చుని తల లోపల పెట్టబోయారు.

"తల పెట్టొద్దు బాబాయ్. గొట్టం ఒక్కటే తొయ్యండి."

ఆయన వెనక్కి జరిగారు.

కొత్త గొట్టాన్ని రబ్బర్లలోకి ఎక్కించడం తీయడం కంటే కష్టమైంది. ఒక చివర ఎక్కిస్తే ఇంకో చివర జారేది. చివరికి దాన్ని పొట్ట మీద పెట్టుకుని, మోకాళ్లతో ఎత్తిపట్టి, రబ్బర్లు తగిలించి, కొత్త వాషరు వేసి బోల్టులు బిగించాను. బయటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటిపోయింది.

కారును దించి స్టార్టు చేశాను. మోత పోయింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అయినా వంగి చెవి పెట్టి విన్నాను. అతుకు దగ్గర సన్నగా స్ స్ మంటోంది. సబ్బునీళ్ల సీసా గురిపెట్టి కొడితే బుడగ లేచింది.

"కొంచెమే గదమ్మా," అన్నారు బాబాయ్. "మళ్లీ అదంతా ఎందుకు? జాకీతో కాస్త ఎత్తుతా, చెయ్యి పెట్టి ఒక్క తిప్పు తిప్పు, అయిపోద్ది."

నా చేతులు అప్పటికే పైకి లేవడం లేదు. ఆ మాట నాకూ నచ్చింది, అబద్ధమెందుకు. కానీ కాదన్నాను. దుంగల దగ్గర్నుంచీ మొత్తం మళ్లీ చేయాల్సిందే.

"దాని మాట ఇను బావా," అన్నారు మామయ్య.

బాబాయ్ వెళ్లి దుంగలు తెచ్చారు.

గొట్టం వేడెక్కింది కాబట్టి చల్లారేదాకా ఆగాలి. నేను నీళ్లు తాగి కల్లం అంచున కూర్చున్నాను. వాళ్లిద్దరూ కాయల కేసి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి మామయ్య ఒక కాయ తీసి విరిచి, "తెల్లగాయలు చానా వచ్చినయ్యే," అన్నారు. "వానలు చెడగొట్టినయ్యి," అన్నారు బాబాయ్.

గొట్టం చల్లారాక మళ్లీ ఎత్తాను. మళ్లీ స్టాండ్లు, మళ్లీ టైరు, మళ్లీ ఇద్దరూ నెట్టి చూడటం. దూరి ఆ ఒక్క బోల్టూ బిగించాను. దించి స్టార్టు చేస్తే ఈసారి సబ్బునీళ్లలో బుడగ రాలేదు. చేతులకు అంటిన నల్లమడ్డి ఎంత రుద్దినా వదల్లేదు. మర్నాడు బట్టలు కుట్టడానికి గుడ్డ ముట్టుకోలేకపోయాను.

పేట ప్రయాణానికి ముందు మెకానిక్‌కి కారు చూపించాను. వంగి చూసి, చేత్తో ఊపి, "బాగానే ఉంది," అని జాకీ తీసుకుని లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి ఒక అద్దం కొంచెం దించి బయల్దేరాను. డాక్టరు చెప్పాక ఆ అలవాటు వదల్లేదు. బట్టీలు దాటాక అద్దంలో చూస్తే మామయ్య కళ్లు మూసుకుని ఉన్నారు.

"మామయ్యా."

"ఊఁ."

కాసేపయ్యాక మళ్లీ పిలిచాను. మళ్లీ ఊఁ అన్నారు. మూడోసారి పిలిచేసరికి విసుక్కున్నారు. "నిద్రపోనియ్యవా ఏంది?"

వాంతి కాలేదు. తలనొప్పి అనలేదు. ఆసుపత్రిలో మంచం ఎక్కించి సూది గుచ్చుతుంటే, నన్ను కిందికి పోయి టిఫిన్ తినమన్నారు.

ఆ తర్వాత జరిగిన ఎన్నికల్లోనూ ఆయనా బాబాయీ చెరో పక్కే నిలబడ్డారు. కానీ వానాకాలంలో మామయ్యకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంచినప్పుడు, బాబాయ్ గురజాల నుంచి బస్సెక్కి వచ్చి, మంచం పక్కన పూటంతా కూర్చుని వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు.